పేరు తెలియని మెత్తటి పగడం: ఫోటో, పాలిప్, మైక్రోస్కోప్‌లలో ఏది మేలు?

రీఫ్ ట్యాంక్‌లో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, పేరు తెలియని మెత్తటి పగడం కనిపిస్తే చాలామంది ముందు ఫోటో తీసి, ఇంకో ఫోటోతో పోలుస్తారు. అన్నిటికన్నా తేలిక దారి అదే. నేను తక్కువగా నమ్మేదీ దాన్నే. నీలి ఎల్‌ఈడీ వెలుగులో అసలు రంగు తెలియదు. వెలుతురు, నీటి వడి మారితే ఒకే పగడం ఒకచోట గుబురుగా, ఇంకోచోట సాగినట్టు పెరుగుతుంది. కాప్నెల్లా, లిటోఫైటాన్ (నెఫ్తియాని ఇప్పుడు ఇందులోనే కలిపేశారు) రెండూ చిన్న చెట్టులాగే ఉంటాయి. ఫోటో చూసి వీటిలో ఏదో తేల్చి చెప్పేవాళ్ల ధీమా నాకు అర్థం కాదు.

పాలిప్‌ని, అంటే పగడంలో పువ్వులా విచ్చుకునే ఒక్కో చిన్న జీవిని, చూడటం దీనికంటే ఎంతో మేలు. పంపులు ఆపి, తెల్లటి లైటు వేసి, భూతద్దం పట్టుకోండి. ముందు స్పర్శకాలు లెక్కపెట్టండి. ఎనిమిది ఉండి, ఒక్కోదానికి రెండువైపులా ఈకలా పిల్లకొమ్మలుంటే అది ఆక్టోకోరల్, మెత్తటి పగడాలు ఈ వర్గంలోవే. చాలా ఎక్కువుండి నున్నగా ఉంటే పగడాలకు దగ్గరి బంధువైన జోయాంథిడ్ కావచ్చు. ఈ లెక్కను తేలిగ్గా తీసుకోవద్దు. జోయాంథిడ్లలో కొన్నిటిలో, ముఖ్యంగా పాలిథోవాలో, పాలిటాక్సిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. అదేమిటో తెలియకుండా కత్తెర పెట్టకూడదు.

తర్వాత పాలిప్ ముడుచుకునే తీరు చూడండి. జెనియా, ఆంథీలియా పాలిప్‌లు లోపలికి పోలేవు. క్లావులేరియా తన గొట్టంలోకి దిగిపోతుంది. బ్రయేరియం ఊదారంగు పొరలోకి పూర్తిగా మాయమవుతుంది. తోలులా కనిపించే మెత్తటి పగడాల్లో, అంటే లెదర్ కోరల్స్‌లో, ఇంకో గుర్తుంది. సార్కోఫైటాన్, లోబోఫైటమ్‌లలో పెద్ద పాలిప్‌ల మధ్య స్పర్శకాలు లేని చిన్న పాలిప్‌లు చుక్కల్లా కనిపిస్తాయి. సైనులేరియాలో అవి ఉండవు. పెద్ద పాలిప్‌లు ముడుచుకున్నప్పుడు చూస్తే ఇది బాగా తెలుస్తుంది.

అప్పటికీ తేలకపోతే మైక్రోస్కోప్. పైపొర నుంచి ఒక చిన్న ముక్క, మొదలు లోపలి నుంచి ఇంకోటి తీసి, విడివిడి స్లైడ్ల మీద బ్లీచ్ చుక్క వేయాలి. కండ కరిగి, స్క్లెరైట్లనే సున్నపు రేణువులు మిగులుతాయి. సైనులేరియా మొదట్లో పెద్ద కదురు ఆకారాలు, క్లాడియెల్లాలో డంబెల్స్, జెనియా కుటుంబంలో అతి చిన్న పలుచటి బిళ్లలు కనిపిస్తాయి. అయితే జెనియాల్లో కొన్నిటికి స్క్లెరైట్లే ఉండవు, కాబట్టి ఏమీ కనబడకపోవడం కూడా ఒక ఆధారమే. బ్లీచ్‌ని ట్యాంక్ దగ్గరికి రానీయకండి, వెనిగర్‌తోగానీ అమోనియాతోగానీ కలపకండి.

డీఎన్‌ఏ పరీక్ష అన్నిటినీ తేల్చేస్తుందనుకోవద్దు. ఆక్టోకోరల్స్‌కి ఎక్కువగా వాడే ఎంటీమట్‌ఎస్ జన్యువు చాలా నెమ్మదిగా మారుతుంది, అందుకే దగ్గరి జాతులు ఒకేలా కనిపిస్తాయి. పైగా 2022లో ఆక్టోకోరల్స్ వర్గీకరణనే రెండు క్రమాలుగా తిరగరాశారు. పాత పుస్తకంలోని పేరు ఇప్పుడు వేరేచోట ఉండొచ్చు.

ఇంట్లో పెంచేవాళ్లకి ప్రజాతి (జీనస్) వరకు తెలిస్తే చాలు, అందుకు పాలిప్ పరిశీలనే సరిపోతుంది. లెదర్ కోరల్‌పై అనుమానం తీరకపోతేనే స్లైడ్ జోలికి వెళ్లండి. ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. డెండ్రోనెఫ్తియా అనే మెత్తటి పగడంలో ఆహారం తయారుచేసే శైవలాలు ఉండవు, ఎంత వెలుతురిచ్చినా దాని కడుపు నిండదు. అదేనని అనుమానం రాగానే, పేరు తేలేవరకు ఆగకుండా, సన్నటి ప్లాంక్టన్ ఆహారం కొద్దికొద్దిగా రోజంతా అందేలా చూడండి.