బూడిదరంగు కాకి, మూడు గుక్కల పాలు

ముందే చెప్పేస్తాను, ఈ పుస్తకం మీద నాకున్న కోపమంతా కాకి రంగు దగ్గరే.

ఐరిష్ యుద్ధదేవత మోరిగన్ మీద, ఆమె కాకుల మీద రాసిన చిన్న చిన్న కవితలు. ఒక్కోటీ నాలుగైదు లైన్లు. డబ్లిన్‌లో పాత పుస్తకాల మధ్య దొరికింది, మూడేళ్లుగా నా బ్యాగులోనే ఉంది. ఆఫీసుకెళ్లే బస్సులో రెండు స్టాపుల మధ్య ఒక కవిత అయిపోతుంది. కొన్న కొత్తలో కనబడినవాళ్లందరికీ "ఒక్కోటీ ఆణిముత్యం" అని చెప్పాను. ఇప్పుడడిగితే ఓ పది పన్నెండు అంటాను.

కిందటి అక్టోబరులో ఐర్లాండ్‌లోనే లౌత్ కౌంటీలోని క్లోఖఫార్మోర్ రాయి చూడ్డానికి వెళ్లాను. కుహూలిన్ అనే వీరుడు చావుదెబ్బ తిన్నాక, నిలబడే చావాలని తనను తాను కట్టేసుకున్నది ఆ రాయికేనంటారు. కాకి వచ్చి భుజం మీద వాలేదాకా శత్రువులకు దగ్గరికెళ్లే ధైర్యం లేకపోయిందట. డబ్లిన్ జనరల్ పోస్టాఫీసులో 1935లో పెట్టిన కంచు విగ్రహం ఈ ఘట్టానిదే.

పొలంలో దాదాపు 3 మీటర్ల రాయి, ఒంటరిగా. పుస్తకం తీసి ఈ ఘట్టం గురించిన కవితే చదివాను. నల్లటి రెక్కలు, బొగ్గులాంటి కళ్లు, అమావాస్య, అన్నీ ఉన్నాయి. తలెత్తితే ఎదురుగా గడ్డిలో నడుస్తున్న కాకి నల్లగా లేదు! తల, రెక్కలు, తోక నలుపు, మిగతా ఒళ్లంతా బూడిద. మన ఊరకాకికి మెడ దగ్గర ఉండే రంగు దీనికి వీపుకీ పొట్టకీ పాకింది. మోరిగన్‌కే ఉన్న ఇంకో పేరు బైవ్ అంటారు. ఐరిష్‌లో ఆ మాటకి అర్థం ఈ కాకే. అలాంటిది, పుస్తకం నిండా బొంతకాకులే. నేనుండే ఈ ఐర్లాండ్‌లో కిటికీ తీస్తే కనబడేది బూడిద కాకే కదా!

భయపెట్టాలని నలుపు పూశారేమో. నాకైతే భయం వేయదు. తాతయ్య పదో రోజున పిండం పెట్టి కాకి కోసం గంటసేపు ఎదురుచూసిన ఇల్లు మాది. అది వచ్చి ముట్టుకుంటే అందరం హమ్మయ్య అనుకున్నాం.

విసుగొచ్చి పుస్తకం మూసేశాను. వాన మొదలైంది. బస్సు కోసం నిలబడ్డప్పుడు వేరే పని లేక, ఎప్పుడూ దాటేసే పేజీ ఒకటి చదివాను. అందులో కాకి లేదు, రక్తం లేదు, దేవత పేరు కూడా లేదు. ఒక ముసలామె, మూడు చన్నుల ఆవు, గిన్నెలో పాల చప్పుడు, మూడు దీవెనలు. కథ తెలిస్తేనే దెబ్బ తగులుతుంది. ఈల్ చేపగా, తోడేలుగా, ఎర్రావుగా మీదికొచ్చిన మోరిగన్‌కి కుహూలిన్ పక్కటెముకలు, కన్ను, కాలు విరగ్గొట్టాడు. తర్వాత దాహంతో ఉన్నవాడికి ముసలమ్మగా వచ్చి పాలిచ్చింది. ఎవరో తెలియక గుక్కగుక్కకీ దీవించాడు, దీవించినప్పుడల్లా ఆమె గాయం ఒకటి మానింది. ఆ కవితలో గాయాల ఊసే లేదు. బస్సు వచ్చేలోపు నాలుగుసార్లు చదివాను.

కొనమంటానా? పుస్తకంలో కథలేవీ చెప్పలేదు, కాబట్టి తెలియనివాళ్లకి అది ఎవరో ముసలమ్మ పాలు పోసిన కవితే. రోజూ ఈ కాకుల్ని చూస్తూ బతుకుతున్నాను కాబట్టి నాకు రంగు పట్టింపు. హైదరాబాద్‌లో కూర్చుని చదివేవాళ్లకి అది అడ్డు రాకపోవచ్చు. నా కాపీ మాత్రం అడగొద్దు, రాయి గురించిన కవిత పక్కన పెన్సిల్‌తో "బూడిద" అని రాసేశాను.