గర్భసంచి బయాప్సీ: పైపెల్, డీ అండ్ సీ, హిస్టరోస్కోపీల్లో ఏది మేలు?

నెలసరి అదుపు తప్పినా, ఆగిపోయిన ఏడాదికో రెండేళ్లకో మళ్ళీ రక్తం కనిపించినా, గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి చూద్దామంటారు డాక్టర్లు. ఆ మాట వినగానే క్యాన్సరేమోనన్న టెన్షన్ మొదలవుతుంది. ఆ కంగారులో ముక్క ఎలా తీస్తారని అడగడం మర్చిపోతాం. రిపోర్టును ఎంతవరకు నమ్మవచ్చో తేల్చేది మాత్రం అదే.

ముందుగా పైపెల్. ఇది సుమారు 3 మిల్లీమీటర్ల వెడల్పున్న సన్నటి ప్లాస్టిక్ గొట్టం. గర్భసంచిలోకి పంపి, లోపలి కడ్డీని వెనక్కి లాగితే పొర తునకలు గొట్టంలోకి వచ్చేస్తాయి. మత్తు అక్కర్లేదు, కొద్ది నిమిషాల పని. అయితే నొప్పే ఉండదని చెప్పడం సరికాదు. చాలామందికి నెలసరి నొప్పిలా మెలిపెడుతుంది, కొందరికి బాగా ఎక్కువగానే ఉంటుంది. నొప్పి మాత్ర ముందే వేసుకోవచ్చా అని తప్పక అడగండి.

ఇంత చిన్న గొట్టం క్యాన్సర్‌ను పట్టుకుంటుందా? పలు పరిశోధనలను కలిపి 2000లో చేసిన విశ్లేషణలో, పైపెల్ క్యాన్సర్‌ను నెలసరి ఆగినవారిలో 99.6 శాతం, ఆగనివారిలో 91 శాతం గుర్తించింది. క్యాన్సర్‌కు ముందు దశ అయిన అటిపికల్ హైపర్‌ప్లేసియా విషయంలో అది 81 శాతమే. పైగా గొట్టానికి అందేది పొరలో చాలా కొద్ది భాగం. జబ్బు పొరంతా పరుచుకుని ఉంటే దొరుకుతుంది. ఒక మూల పాలిప్‌లా (పొర మీద పెరిగే చిన్న కండలా) ఉంటే తప్పిపోవచ్చు.

డీ అండ్ సీ మీద మనకు నమ్మకం ఎక్కువ. మత్తిచ్చి, గర్భసంచి ముఖద్వారాన్ని వెడల్పు చేసి గీకుతారు కాబట్టి అంతా వచ్చేసిందనుకుంటాం. కానీ అదీ కంటికి కనిపించకుండా చేసే పనే. 1975 నాటి ఒక అధ్యయనంలో, సుమారు 60 శాతం మందిలో సగం పొర కూడా చేతికి రాలేదు. మత్తు, గర్భసంచికి చిల్లు పడే కొద్దిపాటి ప్రమాదం అదనం. రక్తం ధారగా పోతుంటే తాత్కాలికంగా ఆపడానికి పనికొస్తుంది. కేవలం పరీక్ష కోసమైతే మొదట దీన్ని ఎంచుకోవడం నాకు సబబుగా అనిపించదు.

హిస్టరోస్కోపీలో కెమెరాతో లోపల చూస్తూ, అనుమానం ఉన్న చోటే ముక్క తీస్తారు. పాలిప్ ఉంటే చాలావరకు అప్పుడే తీసేయవచ్చు. సన్నటి స్కోప్‌తో మత్తు లేకుండానూ చేస్తున్నారు. దీనికి పరికరమూ, చేయి తిరిగిన డాక్టరూ దొరకాలి.

అందుకే నేనైతే స్కాన్‌ను బట్టి ఎంచుకోమంటాను. పొర అంతటా మందంగా ఉంటే పైపెల్ చాలు. పాలిప్ అనుమానం ఉంటే నేరుగా హిస్టరోస్కోపీ. నెలసరి ఆగినవారిలో పొర 4 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా తక్కువ ఉంటే మొదటిసారికి బయాప్సీ అవసరం పడకపోవచ్చు. రక్తం మళ్ళీ కనిపిస్తే మాత్రం ఆ కొలతను పట్టుకుని ఊరుకోకూడదు. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ మందు వాడేవారికి ఆ లెక్క వర్తించదు. నెలసరి ఇంకా ఆగకుండా అదుపు తప్పినవారిలో 45 దాటినవారికి, అంతకన్నా చిన్న వయసైనా అధిక బరువో పీసీఓఎస్సో ఉన్నవారికి బయాప్సీని వాయిదా వేయడం మంచిది కాదు.

రిపోర్టులో "ముక్క సరిపోలేదు" అని ఉంటే దాన్ని నార్మల్‌గా లెక్కేయకండి. పైపెల్ రిపోర్టు నార్మల్‌గా వచ్చినా రక్తం ఆగకపోతే, హిస్టరోస్కోపీ ఎప్పుడు చేస్తారని డాక్టర్‌ను అడగండి.