తిరుపతిలో డ్యూయెట్ క్లాసు: నేర్పడం బాగుంది, శ్రుతి దగ్గరే పేచీ

బాలాజీ కాలనీ వైపు ఒక చిన్న రికార్డింగ్ స్టూడియో వాళ్లు సినిమా, పాప్ డ్యూయెట్లకు వారాంతపు క్లాసు నడుపుతున్నారు. జంటగా చేరాలి. పాట నేర్పి, చివర్లో రికార్డు చేసి ఇస్తారు. నేర్చుకోవడానికైతే ధైర్యంగా చేరొచ్చు. రికార్డింగ్ మాత్రం దగ్గరుండి అడిగి చేయించుకోవాల్సిందే.

ఎస్వీ సంగీత కళాశాల ఉన్న ఊరు కదా, ఇక్కడ పాడేవాళ్లలో చాలామందికి అన్నమయ్య కీర్తనలతో గొంతు తయారై ఉంటుంది. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలకడం, అడక్కుండానే వస్తుంది. క్లాసు సరిగ్గా అక్కడే పట్టుకుంటుంది. రెండు గొంతులు కలిసే చోట గమకం ఆపించి, స్వరాన్ని కదలకుండా పట్టిస్తారు. ఒకరు గాంధారాన్ని (గ) ఊపుతుంటే, ఇంకొకరు పైన పంచమం (ప) ఎంత శుద్ధంగా పట్టినా వినేవాళ్లకు అపశ్రుతిగానే తగులుతుంది. విడిగా పాడే లైన్లలో గమకం మీ ఇష్టం.

హార్మనీని, అంటే ఇద్దరూ ఒకేసారి వేర్వేరు స్వరాలు పాడటాన్ని, శంకరాభరణం రాగం స్వరాలతో మొదలుపెడతారు: ఒకరు స పాడితే ఇంకొకరు గ, రికి మ, గకి ప. స్వరాలుగా ఇది తేలికే. పాటలోకి వచ్చేసరికి రెండో గొంతు మెల్లగా జారి మెయిన్ ట్యూన్‌లో కలిసిపోతుంది, ఎందుకంటే చెవి తెలిసిన ట్యూన్ వైపే లాగుతుంది. దీనికి వీళ్ల మందు బాగుంది. రెండో వరసను మాటలు లేకుండా, తంబూరా శ్రుతి మీద అదే ఒక పాట అన్నట్టు నోటికి పట్టిస్తారు. తర్వాత మెయిన్ ట్యూన్‌ను ఫోన్లో సన్నగా పెట్టి, సౌండు కొంచెం కొంచెం పెంచుతూ పాడిస్తారు. మోహనం రాగం ఛాయ ఉన్న పాటలకు లెక్క మారుతుందని కూడా చెబుతారు: అందులో మ, ని ఉండవు కాబట్టి రికి జతగా మ కాకుండా ప పట్టాలి. చాలాచోట్ల ఈ మాట ఎత్తనే ఎత్తరు.

అచ్చుల మీద పెట్టే శ్రద్ధ మరీ మెచ్చుకోదగ్గది. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. లైను చివర ‘నువ్వు’ను సాగదీస్తే ఒకరి పెదవులు ముందే విచ్చుకుని ‘నువ్వొ’ అవుతుంది, రెండో వాళ్లది ‘ఉ’ దగ్గరే ఉంటుంది. ఇద్దరూ శ్రుతిలోనే ఉన్నా కలిసినట్టు ఉండదు. అందుకే ఎన్ని తాళం దెబ్బలు సాగాలో, ఎక్కడ ఊపిరి తీయాలో పాట కాగితం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టిస్తారు. స, ష ఇద్దరూ గట్టిగా పలికితే మైకులో బుస రెట్టింపవుతుంది. కాబట్టి ఒకరు వాటిని మెత్తగా వదిలేయాలి.

ఇక పేచీ. కరోకే ట్రాక్ (గొంతు లేకుండా వాద్యాలే ఉన్నది) ఏ శ్రుతిలో దొరికితే అందులోనే పాడించేస్తున్నారు. హార్మోనియం తెల్ల మెట్ల లెక్కలో (ఒకటి అంటే C, ఆరు అంటే A) మామూలుగా మగ గొంతుకు ఒకటి, రెండు శ్రుతులు, ఆడ గొంతుకు అయిదు, ఆరు హాయి. డ్యూయెట్ ట్రాకేమో ఒకే శ్రుతిలో నడుస్తుంది. చరణంలో అబ్బాయి పై స్వరాలకు మెడ నరాలు బిగించి అరుస్తాడు, లేదా అమ్మాయి కింది స్వరాలు ఉత్త గాలిగా పోతాయి. పాట ఎంచుకునే ముందే ఇద్దరి భాగాల్లో అన్నింటికన్నా పై స్వరం, కింది స్వరం కీబోర్డు మీద చూసుకుని, ట్రాక్‌ను అర స్వరం (కీబోర్డు మీద నల్లవీ కలిపి ఒక మెట్టు) చొప్పున జరిపించుకోండి. రెండు, మూడు అర స్వరాల వరకు పెద్దగా తేడా తెలీదు, అది దాటితే వాద్యాల నాదం వికారంగా మారుతుంది.

రికార్డింగ్‌లో ఇద్దరినీ ఒకే మైకు ముందు నిలబెడతారు. ఒకరు తప్పితే ఇద్దరూ మళ్లీ పాడాలి, తర్వాత ఒక్కరి గొంతే సరిచేయడం కుదరదు. విడివిడిగా తీయమనండి. పాడేటప్పుడు హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తీస్తే మీ శ్రుతి మీకు తెలుస్తుంది, తీసిన వైపును తలకు ఆనించండి, లేకపోతే ట్రాక్ మైకులోకి కారుతుంది. మైకుకు జానెడు దూరంలో నిలబడి, పై స్వరాల దగ్గర ఇంకాస్త వెనక్కి జరగండి. ప, బ పేలకుండా ముఖం కొంచెం పక్కకు తిప్పితే చాలు.

ఆటోట్యూన్ (పాడిన స్వరాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్) వాడటంలో వీళ్ల చేయి మరీ ధారాళం. సోలో లైన్లలోని గమకాలను కూడా మెట్లు మెట్లుగా కోసేస్తోంది. అది స్వరాన్ని సరిచేసే వేగం తగ్గించమంటే తగ్గిస్తారు, అడక్కపోతే అలాగే ఎంపీ3 చేసి చేతిలో పెడతారు. డబ్బు కట్టే ముందే ఆటోట్యూన్ చేయని వేవ్ ఫైళ్లు (ఎంపీ3లా కుదించని ఆడియో), రెండు గొంతులవీ వేర్వేరుగా, పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి.