డబ్బా మీద రాయని నాలుగో సంగతి

ల్యాప్‌టాప్‌లో మార్చుకోవడానికి హార్డ్‌డిస్కు చూస్తుంటే డబ్బా మీద మూడు సంగతులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి: ఎన్ని టీబీ, ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో), వారంటీ ఎన్నేళ్ళు. నా కోపమంతా నాలుగో దాని గురించి. ఆ డిస్కు లోపల డేటాను ఏ పద్ధతిలో రాస్తుంది అన్నది. అది డబ్బా మీద ఉండదు, అమ్మకం పేజీలో ఉండదు, అమ్మే మనిషిని అడిగితే "అన్నీ ఒకటే సార్" అంటాడు. ఒకటి కావు. అలాంటి డిస్కునే కొన్నేళ్ళుగా వాడుతున్నాను. అది ఇప్పటికీ పాడవలేదు, నా కోపమూ తగ్గలేదు.

నాది పాత ల్యాప్‌టాప్. దాంతోపాటు వచ్చిన 500 జీబీ డిస్కు స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే చిట్టా) సీ5 అంకె, అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టర్ల (డేటా రాసే చిన్న గడుల) లెక్క, సున్నా నుంచి కదిలి పెరగడం మొదలుపెట్టింది. అది పెరుగుతుంటే ఇంకో ఆలోచన అనవసరం, డేటా బయటికి తీసి డిస్కు మార్చాల్సిందే. మిగతా మెషీన్ శుభ్రంగా ఉంది. నేను వీడియోలు తీసి ఎడిట్ చేసుకునే మనిషిని, జాగా కావాలి. అందుకని 1 టీబీ, 7 ఎంఎం మందం, 5400 ఆర్‌పీఎం డిస్కు తీసుకున్నాను. కంపెనీ పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, ఈ సైజు డిస్కులు చేసేవాళ్ళందరి దగ్గరా ఈ రకం సరుకు ఉంది.

మొదట్లో దాన్ని తెగ పొగిడాను. పాతది 9.5 ఎంఎం, ఇది 7 ఎంఎం. తేడాకు సన్నటి ప్లాస్టిక్ ఫ్రేము పెడితే కదలకుండా కూర్చుంది. లోపల ఒకే ప్లాటర్ (డేటా రాసే గుండ్రటి పళ్ళెం), కాబట్టి బరువు తక్కువ, వేడీ తక్కువ. టైప్ చేసేటప్పుడు అరచేయి ఆనే చోట ఇదివరకటి వెచ్చదనం పోయింది. చప్పుడైతే లేనే లేదు. స్పీడ్ టెస్టు పెడితే సెకనుకు 130 ఎంబీ దాకా చూపించింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా ఇదే కొనమని చెప్పాను. ఆ పొగడ్తల్లో బరువు, వేడి సంగతులు ఇవాళ్టికీ నిజమే. చప్పుడు, స్పీడు సంగతులు మాత్రం కొంచెం సవరించుకోవాలి.

ఒక ప్రాజెక్టు ఫుటేజ్ మొత్తం, సుమారు 200 జీబీ, బయటి డ్రైవ్ నుంచి ఇందులోకి కాపీ పెట్టాను. మొదట సెకనుకు 110 ఎంబీ. అరగంట పడుతుందని చూపించింది, బాగానే ఉందనుకుని వేరే పని చూసుకుంటున్నాను. కాసేపటికి ల్యాప్‌టాప్ మొత్తం బిగుసుకుపోయింది. స్టార్ట్ మెనూ నొక్కితే తెరుచుకోదు. బ్రౌజర్ తెల్లగా నిలబడిపోయింది. కాపీ విండోలో గీత నేలకు అంటుకుపోయి ఉంది: 20 ఎంబీ, 5 ఎంబీ, కొన్ని సెకన్లు సున్నా, మళ్ళీ 5. టాస్క్ మేనేజర్‌లో డిస్కు వాడకం నూటికి నూరు శాతం, అంత ఊపిరాడకుండా పనిచేస్తూ రాస్తున్నది మాత్రం చారెడు. మిగిలిన సమయం అరగంట కాస్తా తొమ్మిది గంటలైంది.

ఎడిటింగ్ చేసేవాళ్ళకు ఆ టెన్షన్ తెలుస్తుంది. ఫుటేజ్ కార్డుల్లోంచి చెరిపేశాం, ఉన్నది ఒక్క బయటి డ్రైవ్‌లోనే, రెండో కాపీ ఇంకా పూర్తి కాలేదు. కొత్త డిస్కు అప్పుడే పోతోందనిపించింది. స్మార్ట్ రిపోర్టు తెరిస్తే అన్నీ సున్నాలే. మార్చిన సెక్టర్లు సున్నా, సీ5 సున్నా, కేబుల్ లోపముంటే పెరిగే సీ7 కూడా సున్నా. యాంటీవైరస్ ఆపి చూశాను, యూఎస్‌బీ కేబుల్ మార్చి చూశాను. ఏ మార్పూ లేదు. కొన్నచోటికి తీసుకెళ్తే టెస్టు పెట్టి "పాస్ అయింది, డిస్కులో ఏమీ లేదు" అన్నారు. విండోస్ మళ్ళీ వేసి పంపారు. చిన్న చిన్న పనులకు నిజంగానే ఏ ఇబ్బందీ లేదు. పెద్ద కాపీ పెట్టగానే మళ్ళీ అదే నాటకం.

అసలు గుట్టు డిస్కే బయటపెట్టింది. విసుగొచ్చి కాపీ రద్దు చేసి, అన్ని ప్రోగ్రాములూ మూసి, ల్యాప్‌టాప్‌ను అలా ఆన్‌లోనే వదిలేశాను. గదిలో ఫ్యాన్ కూడా లేదు. టాస్క్ మేనేజర్‌లో డిస్కు వాడకం 0 శాతం. కానీ కీబోర్డు కిందనుంచి సన్నగా గరగర. ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. కంప్యూటర్ దాన్ని ఏ పనీ అడగడం లేదు, అది మాత్రం తనలో తాను ఏదో సర్దుకుంటూనే ఉంది. చాలాసేపటికి ఆగింది. అప్పుడు మళ్ళీ కాపీ పెడితే బంగారంలా 110 ఎంబీ.

నా డిస్కు డేటా రాసే పద్ధతిని ఎస్‌ఎంఆర్ (షింగిల్డ్ మాగ్నెటిక్ రికార్డింగ్) అంటారు, మామూలు పద్ధతిని సీఎంఆర్ (కన్వెన్షనల్ మాగ్నెటిక్ రికార్డింగ్) అంటారు. ప్లాటర్ మీద డేటా రాసే హెడ్‌కు వెడల్పాటి బాట కావాలి, చదివే హెడ్‌కు సన్నటి బాట చాలు. ఎస్‌ఎంఆర్‌లో ఈ తేడాను వాడుకుంటారు. ఒక ట్రాక్, అంటే ఒక బాట, రాశాక, తర్వాతి ట్రాక్‌ను ఇంటికప్పు పెంకుల్లా దాని మీదికి కొంచెం ఎక్కించి రాస్తారు. పైకి కనిపించే అంచు చదవడానికి సరిపోతుంది. అదే ప్లాటర్‌లో ఎక్కువ డేటా పడుతుంది, అందుకే 1 టీబీ ఒకే ప్లాటర్‌లో ఇమిడి డిస్కు 7 ఎంఎం అయింది. చిక్కల్లా మధ్యలో ఉన్న ట్రాక్‌ను మార్చాల్సి వచ్చినప్పుడే. దాన్ని తిరగరాస్తే పక్కదాని డేటా చెరిగిపోతుంది, కాబట్టి ఆ వరుస ట్రాక్‌లన్నీ చదివి పెట్టుకుని మళ్ళీ మొదటినుంచి రాయాలి. ఈ అవస్థ మనకు కనిపించకుండా డిస్కులో కొంత భాగం మామూలు పద్ధతిలో ఉంచుతారు. కొత్తగా వచ్చే రాతలు ముందు అక్కడ పడతాయి. మనం ఖాళీగా ఉన్నప్పుడు డిస్కు వాటిని అసలు చోటికి చేరుస్తుంది. నేను విన్న గరగర అదే. ఆ భాగం నిండేలోపు అంతా సాఫీ. నిండాక ప్రతి కొత్త రాతకూ ముందు పాతదాన్ని సర్దాలి, అక్కడే 110 కాస్తా 5 అవుతుంది. చదవడానికి ఈ బాధ లేదు. అయిదు నిమిషాల స్పీడ్ టెస్టుకు ఇది దొరకదు కూడా. నేను మురిసిపోయిన 130 అంకె అబద్ధం కాదు గానీ, అడిగిన ప్రశ్న అది కాదు.

పద్ధతి మీద నాకు పగ లేదు. ఎక్కువ జాగా, తక్కువ వేడి, తక్కువ ఖర్చు అంటే కొనేవాళ్ళు ఉంటారు, ఉండాలి కూడా. చెప్పకపోవడం మీదే పగ. 2020లో నెట్‌వర్క్ స్టోరేజ్‌కని అమ్మిన డిస్కుల్లో చెప్పకుండా ఎస్‌ఎంఆర్ పెట్టారని పెద్ద గొడవ అయ్యాక, ఏ మోడల్ ఏ పద్ధతో కంపెనీలు జాబితాలు బయటపెట్టాయి. నా మోడల్ నంబరు ఆ జాబితాలోనే దొరికింది. డబ్బా మీద ఒక్క మాట వేస్తే పోయేదానికి ఇంత వెతుకులాట దేనికి?

జాబితా దొరకని మోడల్ అయితే కొన్ని ఆనవాళ్ళున్నాయి. 5400 ఆర్‌పీఎం ల్యాప్‌టాప్ డిస్కుకు 128 ఎంబీ కాష్ (డేటాను తాత్కాలికంగా ఉంచుకునే చిన్న మెమరీ) అని గొప్పగా రాసి ఉంటే అనుమానించండి. పాత సీఎంఆర్ డిస్కులు 8, 16 ఎంబీతో గడిపేసేవి. 1 టీబీ 7 ఎంఎంలో ఒకే ప్లాటర్ అంటే అనుమానం ఇంకా బలపడుతుంది. స్మార్ట్ రిపోర్టు చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాము తెరిస్తే, తిరిగే హార్డ్‌డిస్కుకు ట్రిమ్ సదుపాయం (చెరిపేసిన జాగా ఏదో డిస్కుకు చెప్పేది) ఉన్నట్టు చూపిస్తే అది దాదాపు ఖాయం. ట్రిమ్ లేనంత మాత్రాన సీఎంఆర్ అని మాత్రం అనుకోకండి. 9.5 ఎంఎం పట్టే ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళకు ఒకప్పుడు హెచ్‌జీఎస్‌టీ ట్రావెల్‌స్టార్ 7కే1000 లాంటి 7200 ఆర్‌పీఎం డిస్కులు మంచి దారి. ఇప్పుడు ఎక్కడైనా కనిపించినా, ఎన్ని గంటలు తిరిగిందో స్మార్ట్ రిపోర్టులో చూడకుండా తీసుకోవద్దు. కొత్తదని చెప్పి వాడింది అంటగట్టేవాళ్ళు ఉంటారు.

సంగతి తెలిశాక దాంతో సర్దుకుపోవడం మరీ కష్టమేం కాలేదు. విండోస్ వారానికోసారి తనంతట తాను చేసే డీఫ్రాగ్ (ముక్కలైన ఫైళ్ళను ఒకచోట చేర్చే పని) ఆపేశాను, అది మన ప్రమేయం లేకుండా బోలెడు డేటాను తిరగరాయిస్తుంది. పెద్ద ఫోల్డర్లు 30, 40 జీబీ చొప్పున విడతలుగా కాపీ చేస్తూ, మధ్యలో దానికి ఊపిరి తీసుకునే టైమ్ ఇచ్చాను. పని అవగానే షట్‌డౌన్ చేయకుండా కాసేపు వదిలేసేవాణ్ణి. అయినా విండోస్ అప్‌డేట్ వచ్చిన రోజు మాత్రం పని ముందుకు సాగేది కాదు. నిశ్శబ్దంగా ఉంటుందన్న నా పాత సర్టిఫికెట్‌కు, పగటిపూట అని ఒక మాట చేర్చుకోండి. రాత్రి అందరూ పడుకున్నాక దాని సర్దుడు స్పష్టంగానే వినిపిస్తుంది.

చివరికి సీ డ్రైవ్ కోసం 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లో డేటా దాచేది) వేశాను. దాని వేగం గురించి అందరూ రాసేశారు, నేను కొత్తగా చెప్పేది లేదు. అయితే ఎంచుకునేటప్పుడు ఒకటి గమనించాను. అక్కడా ఇలాంటి కిటుకే ఉంది. చవక రకం క్యూఎల్‌సీ (చిప్పులో ఒక్కో గడిలో నాలుగు బిట్లు ఇరికించే) ఎస్‌ఎస్‌డీలు కూడా ముందు వేగంగా రాసే భాగంలో పడేసి తర్వాత సర్దుకుంటాయి. శాంసంగ్ 870 క్యూవీఓ 1 టీబీ మోడల్‌నే తీసుకోండి: ఆ భాగం 42 జీబీ దాకా ఉంటుంది, అది దాటాక సెకనుకు 80 ఎంబీకి పడిపోతుంది. కానీ ఈ అంకెలు కంపెనీయే తన స్పెసిఫికేషన్ షీట్‌లో అచ్చేసింది! నా పనికి సరిపోదని టీఎల్‌సీ (గడికి మూడు బిట్ల) రకం తీసుకున్నాను గానీ, ఆ షీట్ చూసి ముచ్చటేసింది.

ఈ 1 టీబీ హార్డ్‌డిస్కును డీవీడీ జాగాలో కేడీ (డీవీడీ డ్రైవ్ బదులు డిస్కును పట్టి ఉంచే ఫ్రేము) పెట్టి లోపలే ఉంచుదామా అనుకున్నాను. కేడీలు 9.5, 12.7 ఎంఎం రెండు మందాల్లో వస్తాయి, మన డీవీడీ డ్రైవ్ ఏదో కొలుచుకోవాలి. నాకు డీవీడీ ఇంకా అవసరమే, అందుకే యూఎస్‌బీ బాక్సులో పెట్టుకున్నాను. పూర్తయిన ప్రాజెక్టులు ఒక్కసారి రాసి దాచుకోవడమే దాని పని. ఆ పనికి ఇది ఇంత బాగా కుదురుతుందని నేననుకోలేదు. ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండా ఏళ్ళతరబడి అల్మరాలో పెడితే డేటా నిలుస్తుందన్న భరోసా తక్కువ. మామూలు వినియోగదారుల ఎస్‌ఎస్‌డీలకు జెడెక్ (చిప్పుల పరిశ్రమకు ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం అడిగేది కూడా, రాత పరిమితి అయిపోయాక 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది పాటు నిలవాలనే. దాచుకునే సరుకు వరకు తిరిగే డిస్కే నయం. ఒక్క జాగ్రత్త: కాపీ అయిపోగానే కేబుల్ పీకేస్తే సర్దుడు మధ్యలో ఆగిపోతుంది. డేటాకేం కాదు, ఈసారి పెట్టినప్పుడు డిస్కు ఆ పాత బాకీతోనే మొదలవుతుంది. కాసేపు ఉంచి తీయడం మంచిది.

మళ్ళీ ఇలాంటిది కొంటానా? ల్యాప్‌టాప్ లోపల సీ డ్రైవ్‌గా అయితే కొనను. కానీ అది నా పనిని బట్టి చెప్తున్న మాట. మా తమ్ముడికి ఇలాంటి డిస్కే ఉంది. వాడు సినిమాలు చూస్తాడు, ఏవో నోట్సు రాసుకుంటాడు, ఇంతవరకు ఒక్క ఫిర్యాదు లేదు, నేను చెప్తే నవ్వుతాడు. మీరూ ఒకసారి రాసి పదిసార్లు చదివే రకమైతే నా బాధ మీకు అర్థం కూడా కాకపోవచ్చు. ల్యాప్‌టాప్‌లో డిస్కు పెట్టే బే ఉన్నది ఒకటే, జాగా 2 టీబీ కావాలి, ఎస్‌ఎస్‌డీకి అంత పెట్టలేరు అంటే 7 ఎంఎంలో దొరికేది దాదాపు ఎస్‌ఎంఆరే, తెలిసి తీసుకోండి. 4, 5 టీబీవి 15 ఎంఎం మందం, ల్యాప్‌టాప్‌లో పట్టవు.

నాకు ఇంకో డిస్కు అవసరం దగ్గర్లోనే ఉంది, అల్మరాకే కాబట్టి ఎస్‌ఎంఆర్ అయినా తీసుకుంటాను. రెడీమేడ్ పోర్టబుల్ డ్రైవ్ మాత్రం కాదు. వాటిలో కొన్నిట్లో యూఎస్‌బీ పోర్టు డిస్కు బోర్డు మీదే ఉంటుంది, అవసరమైనా విప్పి ల్యాప్‌టాప్‌లో పెట్టుకునే వీలుండదు. విడిగా డిస్కు, విడిగా బాక్సు. మోడల్ నంబరు జాబితాలో చూసుకున్నాకే డబ్బు కడతాను.