కారు కొనే ముందు ఉదయగిరి, పెంచలకోన దారుల్లో రెండు రోజులు

కిందటి కార్తీకంలో నరసింహస్వామి క్షేత్రమైన పెంచలకోన నుంచి రాత్రివేళ నెల్లూరుకు తిరిగి వస్తుండగా, పొదలకూరు దాటాక ఫోనులోని మ్యాపు దగ్గరి దారి అని చెప్పి మమ్మల్ని ఒక కాలువ కట్ట మీదికి మళ్లించింది. రెండు వైపులా దిగుడు, ఎదురుగా గేదెలు కట్టేసిన కొట్టం, కారు తిప్పడానికి చోటు లేదు. వెనుక సీట్లో మా అమ్మ స్వామిని తలచుకుంటూ కూర్చుంటే, నేను దాదాపు అర కిలోమీటరు వెనక్కే నడుపుకుంటూ వచ్చాను. పదకొండేళ్ల పాత కారును మార్చాలని ఈ ఏడాది నిర్ణయించుకున్నప్పుడు, ఇంట్లో వాళ్లు మైలేజీ గురించీ రంగు గురించీ మాట్లాడుకుంటుంటే, నేను దారి చూపే వ్యవస్థ సంగతి తేలేదాకా బయానా కట్టేది లేదన్నాను.

షోరూముల వాళ్లు మర్యాదగానే చూశారు గానీ, టెస్టు డ్రైవు మాత్రం మినీ బైపాసులో ఇరవై నిమిషాలకు మించి ఇవ్వలేదు. కళ్లు మూసుకొని నడపగల ఆ దారిలో మ్యాపు మంచిచెడ్డలు ఏమి తెలుస్తాయి? అందుకని మ్యాపు కారులోనే నిక్షిప్తమై ఉన్న మా బావమరిది కారు ఒకటి, ఆండ్రాయిడ్ ఆటో ద్వారా ఫోనులోని మ్యాపును తెరపై చూపే అద్దె కారు ఒకటి, రెండూ తీసుకొని, మేము నిజంగా తిరిగే దారుల్లోనే రెండు రోజులు ప్రయాణించాము.

మొదటి రోజు తెల్లవారుజామున బుచ్చిరెడ్డిపాలెం, సంగం దాటాక, కలిగిరిలో టిఫిను చేద్దామని రెండు కార్లకూ నోటితోనే ఊరి పేరు చెప్పాము. ఫోను సరిగా అందుకుంది. బావమరిది కారు మాత్రం రెండుసార్లు చెప్పినా కనిగిరికి దారి చూపింది. "బావా, ఇది మనల్ని జిల్లా దాటించేస్తోంది" అని అతడు ఫోను చేసి చెప్పాడు. ఒక్క అక్షరం తేడాతో ఊళ్లున్న ప్రాంతం మనది. ఆత్మకూరులైతే రాష్ట్రంలో ఎన్నో ఉన్నాయి. తెలుగు ఉచ్చారణను కారు సరిగా అందుకోలేకపోతే, బండి ఆపి అక్షరాలు కొట్టుకోక తప్పదు. కొనేవారు షోరూములోనే తమ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు పది చెప్పి చూడడం మేలని నాకు అక్కడే అనిపించింది.

వింజమూరు, దుత్తలూరు మీదుగా ఉదయగిరి చేరే వరకు రెండూ బాగానే నడిపించాయి. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్న దుర్గం ఉన్న కొండను కింది నుంచే చూసి, చెక్క చెంచాలు చేసే వారి దగ్గర అట్లకాడలు కొనుక్కొని, బస్టాండుకు దగ్గరలోని లాడ్జిలో గదులు తీసుకున్నాము. గది శుభ్రంగా ఉంది. కారు నిలపడానికి మాత్రం వీధే దిక్కు.

అసలు పరీక్ష మధ్యాహ్నం సీతారామపురం దాటాక, ఘటిక సిద్ధేశ్వరం వెళ్లే అడవి దారిలో ఎదురైంది. వెలిగొండల నీడలోకి వెళ్లగానే ఫోను సిగ్నలు పోయింది. అద్దె కారు తెర మీద దారులన్నీ మాయమై, బూడిదరంగు గళ్ల మీద బాణం గుర్తు ఒక్కటే కదులుతూ కనిపించింది. బావమరిది కారులో మాత్రం ప్రతి మలుపూ ఉంది. మనం ఎక్కడున్నామన్నది ఉపగ్రహాల సంకేతాలతో తెలుస్తుంది, దానికి ఫోను సిగ్నలుతో పని లేదు. చుట్టూ ఏముందో చూపే పటమే డేటా మీదుగా వస్తుంది. పటం ముందే దించుకోకపోవడం నా పొరపాటు. సిద్ధేశ్వరం ఆశ్రమంలో ఆదరంగా వడ్డించిన అన్నం తిని వెనక్కి వచ్చి, ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని, నెల్లూరు, ప్రకాశం, కడప జిల్లాల పటాలన్నీ ఫోనులోకి దించుకున్నాను. అలా దించుకున్న పటంతో దారి తెలుస్తుంది గానీ ట్రాఫిక్ సమాచారం రాదు. అప్పుడప్పుడు నవీకరించకపోతే దాని గడువు కూడా తీరిపోతుంది.

మరునాడు సంగంలో మా పిన్నమ్మను ఎక్కించుకొని, బ్యారేజి మీదుగా పెన్నా దాటి, పొదలకూరు వైపు నుంచి పెంచలకోనకు బయలుదేరాము. నిన్న అడవిలో గెలిచిన బావమరిది కారు ఇక్కడ పూర్తిగా తడబడింది. సంగం బ్యారేజి 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైంది. ఆ కారులోని పటం అంతకు ముందుది. వంతెన మీద వెళ్తున్నంతసేపూ తెర మీద బాణం నీలిరంగు నదిలో తేలుతూ, వెనక్కి తిరగమని చెబుతూనే ఉంది. పటం మార్చాలంటే సర్వీసు కేంద్రానికి తీసుకెళ్లాలనీ, ఉచిత గడువు అయిపోయింది కాబట్టి డబ్బు కట్టాలనీ అతనికి చెప్పారట. లక్షలు పోసి కొన్న కారులో పటం ఇలా పాతబడిపోవడం నాకు చాలా బాధ కలిగించింది. అద్దె కారు మాత్రం తడుముకోకుండా కోన దాకా తీసుకెళ్లింది. దేవస్థానం గదులు నిరాడంబరంగా, గాలి వెలుతురుతో ఉన్నాయి. శనివారం రద్దీ ఎక్కువ కాబట్టి వేరే రోజు వెళ్లడం పెద్దవాళ్లకు సుఖం.

తిరిగి వచ్చాక షోరూములో నా ప్రశ్నలు మారాయి. పటం ఏ ఏడాదిది, ఎన్నేళ్లు ఉచితంగా మారుస్తారు, ఫోను వైరుతో కలుస్తుందా, వైరు లేకుండానా అని అడిగాను. వైరు లేకుండా కలిపినప్పుడు అద్దె కారులో నా ఫోను ఎండలో బాగా వేడెక్కింది కనుక, వైరు సౌకర్యం నాకు తప్పనిసరి అయింది. జీపీఎస్ లాగే దారి చూపే మన దేశపు సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ సంకేతాలు అందుతాయా అనీ అడిగాను. 2023 మే 29న మన శ్రీహరికోట నుంచి ఎగిరిన నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్‌-01 మామూలు ఫోన్లలోనూ వాడుకలో ఉన్న ఎల్‌1 తరంగాన్ని పంపేలా తయారైందని తెలిసినప్పటి నుంచి నాకు దాని మీద మక్కువ. అయితే అది లేదన్న ఒక్క కారణంతో కారును వద్దనుకోలేదు.

చివరకు సొంత పటం లేని, ఫోనును వైరుతో కలిపే మధ్యరకం కారుకు బయానా కట్టాను. పటం ఉన్న పై రకానికి పెట్టాల్సిన డబ్బులో కొంత భాగంతో, పెద్ద నిల్వ ఉన్న ఫోను ఒకటి కారు కోసమే కొన్నాను. జిల్లా పటాలు ప్రతి నెలా మొదటి ఆదివారం అందులో నవీకరించే పని మా అమ్మాయి తీసుకుంది. "కట్ట దారి చూపిస్తే మాత్రం వినొద్దు నాయనా" అని అమ్మ అన్నది. అందుకని ఆ కాలువ మలుపు దగ్గర గుర్తు పెట్టి, పటంలో దాన్ని సరిచేయమని కోరుతూ ఫొటోలతో సహా పంపాను.