ఇల్లు పిల్లల పేర రాయాలంటే: వీలునామానా, దానపత్రమా?

కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైనవారైనా, వరంగల్ గిర్మాజీపేట పాత ఇళ్లవారైనా, దస్తావేజులు రాసే నన్ను అడిగేది ఒకటే: "ఉన్న ఒక్క ఇల్లూ ఇప్పుడే రాసిచ్చేస్తే రేపటి గొడవ తప్పుతుంది కదా?"

దానపత్రానికి ఆ బలం ఉన్నమాట నిజమే. రిజిస్ట్రేషన్‌తో హక్కు మారిపోతుంది. ఇచ్చినవారు కళ్లెదుటే ఉంటారు కాబట్టి మిగతా పిల్లలు తర్వాత తగువుకు రావడం కష్టం. కానీ నేను అన్నిటికన్నా ముందు చూసేది వేరు. ఇల్లు కట్టినవారు ఆఖరి వరకూ ఆ ఇంట్లో ఎవరి దయా అక్కర్లేకుండా ఉండగలరా?

మనసు మారిందని దానాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. 2007 నాటి వయోవృద్ధుల చట్టం ఉంది కదా, ఆర్డీఓ దగ్గరికి వెళ్లి రద్దు చేయిద్దామని చాలామంది ధీమా. ఆ చట్టంలోని 23వ సెక్షన్ వర్తించాలంటే, బాగోగులు చూసుకోవాలన్న షరతు మీదే ఇల్లు ఇచ్చి ఉండాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. మన పత్రాల్లోనేమో "ప్రేమాభిమానాలతో ఇస్తున్నాను" అని మాత్రమే ఉంటుంది! దానపత్రమే కావాలంటే షరతును స్పష్టంగా రాయించండి. బతికున్నంత కాలం అక్కడే ఉండే హక్కునూ రాయించండి. అందులో భార్య పేరు తప్పక ఉండాలి. తండ్రి హక్కు ఒక్కటే రాసి తల్లిని మరిచిన పత్రాలు చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

అందుకే స్వార్జితమైన ఇంటికి నేను వీలునామానే మేలంటాను. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఇల్లు మీ పేరనే ఉంటుంది. దాని బలహీనత రుజువు దగ్గర. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రేపు ఎవరైనా కాదంటే, ఆ ఇద్దరిలో బతికున్నవారు ఒకరైనా కోర్టులో సాక్ష్యం చెప్పాలి. తోటి రిటైరైన మిత్రులను సాక్షులుగా పెట్టేది అందరూ చేసే పనే, అది వద్దు. మీకంటే బాగా చిన్నవారిని, ఇంట్లో వాటా రానివారిని పిలవండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి. ఒక బిడ్డకు ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో కూడా రాయండి. కారణం లేని చోట అనుమానం పుడుతుంది.

పిత్రార్జితమైతే వీలునామా మీ వాటాకే చెల్లుతుంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతురికీ కొడుకుతో సమాన వాటా ఉంది. అందరూ ఒప్పుకుంటే పంపకపత్రం రిజిస్టర్ చేయించుకోవడమే దారి. పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద పంచుకుంటే మాత్రం, రిజిస్టర్ కాని ఆ కాగితాన్ని కోర్టు హక్కుకు రుజువుగా తీసుకోదు.