జేమ్సన్ ‘పోస్ట్‌మోడర్నిజం’: మొదటి అధ్యాయానికే డబ్బులు గిట్టాయి

అమెరికన్ మార్క్సిస్టు విమర్శకుడు ఫ్రెడ్రిక్ జేమ్సన్, ఈ కాలపు పెట్టుబడిదారీ సంస్కృతి మీద రాసిన ఈ పుస్తకం (1991) 400 పేజీల పైమాటే. 1984లో వ్యాసంగా వచ్చిన మొదటి అధ్యాయం చదివితే చాలావరకు పని అయిపోతుంది. వాన్ గో గీసిన బూట్లలో నలిగిన తోలు, రైతు బతుకు కనిపిస్తాయి. పాప్ ఆర్ట్ చిత్రకారుడు వార్హోల్ బూట్లు షోకేసులో సరుకులా తళతళలాడతాయంతే, వాటి వెనక ఏ కాళ్లూ లేవు. ఆ పోలిక దగ్గర కాసేపు అలా ఆగిపోయాను.

పెట్టుబడిదారీ వ్యవస్థ మూడు దశలను మార్క్సిస్టు ఆర్థికవేత్త మాండెల్ దగ్గర తీసుకుని, ఒక్కో దశకు ఒక్కో కళాధోరణి చొప్పున రియలిజం, మోడర్నిజం, పోస్ట్‌మోడర్నిజం జతచేశాడు జేమ్సన్. అది మరీ నున్నగా కుదిరిన లెక్క, నాకు నమ్మబుద్ధి కాలేదు. లాస్ ఏంజెలెస్ బోనావెంచర్ హోటల్ లాబీలో మనిషికి దిక్కు తోచకపోవడాన్ని రాసిన పేజీలు మాత్రం అదుర్స్. వాక్యాలంటారా, చాంతాడంత! కర్తను పట్టుకునేలోపు క్రియ జారిపోతుంది. చివరి అధ్యాయం ఒట్టి సాగదీత, వదిలేసినా నష్టం లేదు.